పటగోనియా: గాలి కొంత, మనుషులు కొంత ఖాళీ చేసిన నేల

అర్జెంటీనా దక్షిణాన ఉన్న శాంటా క్రూజ్ ప్రావిన్స్ విస్తీర్ణం సుమారు 2,44,000 చదరపు కిలోమీటర్లు. 2022 జనాభా లెక్కల ప్రకారం అక్కడ ఉన్నది 3,37,000 మంది. చదరపు కిలోమీటరుకి ఒకటిన్నర మనిషి కూడా లేడు. ఆ ఉన్నవాళ్ళలోనూ ఎక్కువమంది నాలుగైదు పట్టణాల్లోనే ఉంటారు. పట్టణం దాటితే రోడ్డు, రోడ్డు పక్కన తీగల కంచె, కంచె అవతల పసుపు గడ్డి, దాని మీదుగా ఆగకుండా వీచే గాలి. పటగోనియా అనే పెద్ద ప్రాంతంలో ఇదొక ముక్క. కొలరాడో నది నుంచి ఖండం కొసదాకా సుమారు పది లక్షల చదరపు కిలోమీటర్ల నేలని పటగోనియా అంటారు. అందులో ఎక్కువ భాగం అర్జెంటీనాది, పడమటి అంచు చిలీది.

ఇంత నేలలో ఇంత తక్కువ జనం ఎందుకున్నారని అడిగితే చలి, గాలి, ఎండిన నేల అని చెబుతారు. అది నిజమే, కానీ సగమే. ఈ ప్రాంతం చమురు ఇస్తుంది, గ్యాస్ ఇస్తుంది, ఉన్ని, రొయ్యలు, అల్యూమినియం ఇస్తుంది. ప్రపంచంలో పేరున్న హిమానీనదాలు, తిమింగలాలు, కొండ శిఖరాలు ఇక్కడున్నాయి. అయినా ఇక్కడ ఏం చేయాలన్న నిర్ణయం దాదాపు ఎప్పుడూ వేల కిలోమీటర్ల దూరంలోనే జరిగింది. పటగోనియా అర్థం కావాలంటే గాలినీ ఈ దూరపు పెత్తనాన్నీ కలిపి చూడాలి. ముందు గాలి సంగతి.

గాలి ఎందుకంత

భూమధ్యరేఖకి దక్షిణాన 40 డిగ్రీలు దాటాక పడమటి నుంచి తూర్పుకి గాలులు వీస్తాయి. ఉత్తరార్ధగోళంలోనూ ఇలాంటి గాలులున్నాయి, కానీ అక్కడ ఖండాలు అడ్డమొచ్చి వాటి జోరు తగ్గిస్తాయి. దక్షిణాన ఆ అక్షాంశాల్లో ఉన్నది దాదాపు అంతా సముద్రమే. పసిఫిక్ మీదుగా అన్ని వేల కిలోమీటర్లు ఎదురు లేకుండా వచ్చిన గాలికి మొదట తగిలే గోడ ఆండీస్ పర్వతాలు.

ఆ గోడ దగ్గర గాలి రెండు పనులు చేస్తుంది. తేమతో నిండిన గాలి కొండ ఎక్కుతూ చల్లబడి, మోసుకొచ్చిన నీళ్ళన్నీ పడమటి వైపే కుమ్మరిస్తుంది. చిలీ తీరంలో ఏడాదికి 4,000 మిల్లీమీటర్లు దాటే చోట్లు ఉన్నాయి. కొండ దిగి తూర్పు వైపు వచ్చేసరికి ఆ గాలిలో తేమ మిగలదు, వేగం మాత్రం మిగులుతుంది. మంచుకొండలకి దగ్గర్లోనే ఉన్న ఎల్ కలఫాతే పట్టణంలో వాన 200 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. మన అనంతపురానికి ఈ లెక్క వెంటనే అర్థమవుతుంది. పడమటి కనుమలు నైరుతి వానని ఆపేస్తే రాయలసీమకి దక్కేది ఏడాదికి 550 మిల్లీమీటర్లు, దాంతోపాటు రామగిరి కొండల మీద గాలిమరలు తిప్పే గాలి. పటగోనియాలో గోడ ఇంకా ఎత్తు, గాలి ఇంకా ఉధృతం, మిగిలే వాన ఇంకా తక్కువ.

చలికాలంలో గాలి ఎక్కువ ఉంటుందని చాలామంది అనుకుంటారు. ఇక్కడ తిరకాసు ఉంది. వసంతంలో, వేసవిలో, అంటే అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకానే గాలి రెచ్చిపోతుంది. గంటకి 100 కిలోమీటర్లు దాటిన ఈదురుగాలి ఇక్కడ పెద్ద వార్త కాదు. చిలీ వైపు పుంతా అరేనాస్ నగరంలో గాలి మరీ పెరిగిన రోజుల్లో, నడిచేవాళ్ళు పట్టుకోవడానికి వీధుల్లో తాళ్ళు కడతారు. కారు ఆపితే గాలికి ఎదురుగా ఆపమని, తలుపు చేత్తో గట్టిగా పట్టుకుని తెరవమని అద్దెకార్ల వాళ్ళు ముందే చెబుతారు. లేకపోతే తలుపు వెనక్కి విరుచుకుపోతుంది.

నేల మీది బతుకంతా ఈ గాలికి తలవంచి పెరిగిందే. కొయిరోన్ అనే గరుకు గడ్డి కుచ్చులు కుచ్చులుగా ఉంటుంది, దాని పక్కన మెత్తలాగా నేలకి అంటుకుపోయిన పొదలు. లెంగా చెట్లు కొమ్మలన్నీ తూర్పుకే చాచి, ఎగిరే జెండాల్లా వంగి ఉంటాయి. దూరంగా నిటారుగా ఒక పోప్లర్ చెట్ల వరస కనిపించిందంటే దాని వెనక ఇల్లుందని అర్థం. ఎవరో గాలికి అడ్డంగా నాటుకున్నారన్నమాట. మంచుయుగాల్లో ఈ గాలి లేపిన పటగోనియా దుమ్ము అంటార్కిటికా మంచు పొరల్లో పేరుకుని ఉంది. శాస్త్రవేత్తలు ఆ మంచుని తొలిచి తీసినప్పుడు ఇక్కడి మట్టినే గుర్తుపట్టారు.

నీళ్ళు ఎటు పారితే అటు సరిహద్దు

కొండల మీద కురిసిన నీళ్ళలో చాలా భాగం మంచుగా నిలిచిపోతుంది. దక్షిణ పటగోనియా మంచు మైదానం 12,000 చదరపు కిలోమీటర్లకి పైమాటే. ధ్రువ ప్రాంతాలని పక్కనపెడితే ఇంత పెద్ద మంచు రాశులు అరుదు. దాని నుంచి తూర్పుకి జారే నాలుకల్లో పేరున్నది పెరీతో మొరెనో. సుమారు 30 కిలోమీటర్ల పొడవు, ముందువైపు 5 కిలోమీటర్ల వెడల్పు, నీటి మీద 60 మీటర్లకి పైగా ఎత్తున్న నీలి మంచు గోడ. అర్హెంతీనో సరస్సులోకి అది ముందుకు జరిగి ఎదుటి ఒడ్డుని తాకితే సరస్సు రెండు ముక్కలవుతుంది. ఒక పాయలో నీరు బయటికి పోయే దారి లేక మట్టం పెరుగుతూ పోతుంది. ఆ ఒత్తిడికి మంచు కింద సొరంగం పడుతుంది, చివరికి పైకప్పు కూలుతుంది. 1988, 2004, 2006, 2012, 2016, 2018 సంవత్సరాల్లో అలా కూలింది. ఆ కూలడం చూడటానికి జనం రోజుల తరబడి ఎదురుచూస్తారు.

చుట్టుపక్కల హిమానీనదాలు వెనక్కి పోతున్నా ఇది స్థిరంగా ఉందని గైడ్లు ఎన్నో ఏళ్ళు చెబుతూ వచ్చారు. ఆ మాట ఇప్పుడు చెల్లదు. 2019 తర్వాత పెరీతో మొరెనో కూడా పలచబడుతూ స్పష్టంగా వెనక్కి తగ్గుతోంది. తేమ గాలి తెచ్చే హిమపాతానికీ కరుగుదలకీ మధ్య ఉన్న లెక్క కుదిరినంత కాలమే అది నిలబడింది.

దానికి పేరిచ్చిన ఫ్రాన్సిస్కో మొరెనో కథలో పటగోనియా భూగోళం మొత్తం ఇమిడి ఉంది. పెరీతో అంటే నిపుణుడు; చిలీతో సరిహద్దు వివాదంలో అర్జెంటీనా ఆయన్ని అలా నియమించింది. 1881 ఒప్పందం ప్రకారం రెండు దేశాల సరిహద్దు నీళ్ళని విడదీసే ఎత్తైన శిఖరాల మీదుగా పోవాలి. శిఖరాలు, నీళ్ళ విభజన ఒకే గీత మీద ఉంటాయని రాసినవాళ్ళ నమ్మకం. పటగోనియాలో అవి ఒకే చోట లేవు. పాత హిమానీనదాలు తూర్పుకి తోసుకొచ్చిన రాళ్ళూ మట్టీ కట్టల్లా అడ్డంపడి, శిఖరాలకి తూర్పున పుట్టిన ఏళ్ళని కూడా వెనక్కి తిప్పి పసిఫిక్ వైపు పంపాయి. శిఖరాలు లెక్కేస్తే అర్జెంటీనాకి లాభం, నీళ్ళు లెక్కేస్తే చిలీకి.

1898లో మొరెనో కొంతమంది కూలీలతో ఫెనిక్స్ అనే చిన్న నది దగ్గరకి వెళ్ళాడు. పసిఫిక్ వైపు సరస్సులో కలిసే ఆ నదికి పాత కాలువ దారి తవ్వి, అట్లాంటిక్ వైపు పోయే దెసెయాదోలో కలిపేశాడు. నీటి దారి కొద్దిరోజుల పారపనితో మారిపోగలిగితే, దాన్ని దేశాల సరిహద్దుగా ఎలా తీసుకుంటారన్నది ఆయన వాదన. వాదన వినే మధ్యవర్తి బ్రిటన్ రాజు. 1902లో ఏడవ ఎడ్వర్డ్ తీర్పు మధ్యేమార్గంగా వచ్చింది.

వివాదం అక్కడితో తెగలేదు. ఫిట్జ్ రాయ్ శిఖరం కింద ఉన్న ఎల్ చాల్టెన్ ఊరు ఇప్పుడు ట్రెక్కింగ్ చేసేవాళ్ళతో కిటకిటలాడుతుంది. 1985లో ఆ ఊరు వెలిసింది పర్యాటకం కోసం కాదు. పక్కనే ఉన్న దెసియెర్తో సరస్సు మీద చిలీతో తగాదా ఉండటంతో, మా మనుషులు ఇక్కడ కాపురం ఉన్నారని చూపించడానికి అర్జెంటీనా కట్టించింది. 1994 తీర్పులో సరస్సు అర్జెంటీనాకి దక్కింది. ఫిట్జ్ రాయ్‌కి దక్షిణాన మంచు మైదానం మీద కొంత దూరం గీత ఇప్పటికీ పూర్తిగా గీయలేదు. 1998లో సూత్రాలు ఒప్పుకున్నారు, గీత మాత్రం మిగిలింది.

ముందు ఇక్కడ ఎవరున్నారు

పింతూరాస్ నది లోయలో చేతుల గుహ ఉంది. రాతిగోడ మీద వందల అరచేతుల గుర్తులు. చెయ్యి గోడకి ఆనించి, ఎముక గొట్టంతో రంగు ఊది వేసినవి. ఎక్కువ ఎడమ చేతులే, ఎందుకంటే గొట్టం కుడిచేత్తో పట్టుకోవాలి. వాటిలో పాతవి 9,000 ఏళ్ళ కిందటివి. అంటే ఈ గాలిలో మనుషులు బతకలేరన్న మాట ఆ గోడ దగ్గర చెల్లదు. ఒంటె జాతి అడవి జంతువులైన గ్వానాకోలని వేటాడుతూ స్టెప్పీ గడ్డి మైదానమంతా తిరిగిన తెహువెల్చెలు, పడవల మీద కాలువల్లో బతికిన కవెస్కార్, యాగన్ ప్రజలు, ఖండం కొసన టియెర్రా డెల్ ఫ్యూగో దీవిలో సెల్క్‌నామ్‌లు, ఉత్తరాన మపూచెలు ఇక్కడ వేల ఏళ్ళు గడిపారు.

1878 నుంచి 1885 దాకా అర్జెంటీనా సైన్యం నడిపిన దండయాత్రకి 'ఎడారి విజయం' అని పేరు పెట్టారు. ఎడారి అనడంలోనే అక్కడ మనుషులు లేరని నమ్మించే ప్రయత్నం ఉంది. జనాన్ని చంపారు, తరిమారు, కుటుంబాలని విడదీసి దూరప్రాంతాల్లో పనికి పంపారు. ఖాళీ అయిన నేలని పెద్ద పెద్ద ముక్కలుగా పంచేశారు. దీవిలో ఇంకా ఘోరం జరిగింది. కంచె వేసిన నేలలో గొర్రెని చంపాడన్న నెపంతో సెల్క్‌నామ్ మనుషుల్ని డబ్బిచ్చి వేటాడించారు. మిగిలినవాళ్ళు క్రైస్తవ మిషన్లలో రోగాలకి బలయ్యారు. వాళ్ళు అంతరించిపోయారని పాఠ్యపుస్తకాలు చాలాకాలం రాశాయి. వారసులు ఒప్పుకోలేదు. 2023లో చిలీ పార్లమెంటు సెల్క్‌నామ్‌లని జీవించి ఉన్న మూలవాసీ ప్రజలుగా గుర్తించింది.

ఈ చరిత్రలో వేరుగా నిలిచేది బ్రిటన్‌లోని వేల్స్ నుంచి వచ్చినవాళ్ళ కథ. ఇంగ్లీషు పెత్తనానికి దూరంగా తమ భాషనీ చర్చినీ కాపాడుకోవాలని సుమారు 150 మంది 'మిమోసా' ఓడలో 1865 జులై 28న ఇప్పటి పుయెర్తో మాద్రిన్ దగ్గర దిగారు. వ్యవసాయం తెలిసినవాళ్ళు అందులో తక్కువ. పైర్లు ఎండిపోయాయి. వేటాడటం నేర్పి, మాంసం ఇచ్చి ఆదుకున్నది తెహువెల్చెలు. 1867లో రేచల్ జెంకిన్స్ అనే ఆవిడ నది మట్టం పొలం కంటే ఎత్తుగా ఉండటం గమనించి, గట్టుకి చిన్న గండి కొట్టి పొలానికి నీళ్ళు పెట్టమందని చెబుతారు. దిగువ చుబుత్ లోయ కాలువల వ్యవసాయం అలా మొదలైంది. గైమన్‌లో ఇప్పటికీ వెల్ష్ మాట వినిపిస్తుంది. 1902 సరిహద్దు విచారణలో ట్రెవెలిన్ వెల్ష్ కాపులు తాము అర్జెంటీనాతోనే ఉంటామని చెప్పారు. ఆ లోయ ఆ దేశానికి దక్కడానికి అదీ ఒక కారణం.

గొర్రెలు తినేసిన నేల

ఆండీస్ తూర్పున వాన లేదు కాబట్టి పంట లేదు. గొర్రె మాత్రం బతుకుతుంది. 1870ల చివర్లో ఫాక్లండ్ దీవుల నుంచి మొదటి మందలు వచ్చాయి. ఇంగ్లండ్ మిల్లులకి ఉన్ని కావాలి, ఇక్కడ నేల కారుచౌక. ఎస్టాన్సియాలు అనే పెద్ద గొర్రెల ఎస్టేట్లు లేచాయి. మెనెందెస్, బ్రౌన్ కుటుంబాలూ, 1893లో పుట్టిన టియెర్రా డెల్ ఫ్యూగో కంపెనీ లక్షల హెక్టార్లకి యజమానులయ్యాయి. నేల వాళ్ళది, ఓడలు వాళ్ళవి, బ్యాంకులు వాళ్ళవి, కూలివాడు సరుకులు కొనుక్కునే కొట్టు కూడా వాళ్ళదే.

మొదటి ప్రపంచ యుద్ధం అయిపోగానే ఉన్ని ధర పడిపోయింది. ఆ భారం కూలీల మీద పడి 1920లో శాంటా క్రూజ్‌లో సమ్మె మొదలైంది. వాళ్ళ కోరికల జాబితా చదివితే గుండె బరువెక్కుతుంది. నెలకొక కొవ్వొత్తుల ప్యాకెట్టు. చిన్న గదిలో ముగ్గురికి మించి పడుకోబెట్టకూడదు. బట్టలు ఉతుక్కోవడానికి శనివారం పూట ఖాళీ. మందుల పెట్టె మీద సూచనలు ఇంగ్లీషులో కాకుండా స్పానిష్‌లో ఉండాలి. ముందు ఒప్పందం కుదిరింది. యజమానులు మాట నిలబెట్టుకోలేదు. రెండో సమ్మెని అణచడానికి కర్నల్ వరేలా సైన్యంతో వచ్చి, 1921 చివర్లో లొంగిపోయిన కూలీలని వందల సంఖ్యలో కాల్చి చంపించాడు. కలఫాతే దగ్గర అనీతా ఎస్టాన్సియాలో అలాంటి సామూహిక సమాధి స్మారకం ఉంది. పెరీతో మొరెనో చూడటానికి వెళ్ళే దారి దాని పక్కనుంచే పోతుంది. బస్సుల్లో వెళ్ళేవాళ్ళలో ఎంతమందికి ఆ సంగతి చెబుతారో మరి. చెప్పాలి.

1950ల నాటికి అర్జెంటీనా పటగోనియాలో గొర్రెలు రెండు కోట్లు దాటాయి. గడ్డి మళ్ళీ మొలిచే వేగం కంటే మేసే వేగం ఎక్కువైంది. గడ్డి వేళ్ళు పోయిన చోట గాలి మట్టిని ఎత్తుకుపోతుంది, గులకరాళ్ళు మాత్రం మిగులుతాయి. పైగా కృత్రిమ దారాలు వచ్చి ఉన్నికి గిరాకీ తగ్గింది. 1991 ఆగస్టులో చిలీ వైపు హడ్సన్ అగ్నిపర్వతం పేలి, పడమటి గాలి బూడిదంతా శాంటా క్రూజ్ మీద పోసింది. గడ్డి కప్పుకుపోయింది, గొర్రెలు లెక్కలేనన్ని చచ్చాయి. చాలామంది ఎస్టాన్సియాలకి తాళం వేసి వెళ్ళిపోయారు. ఇప్పుడు గొర్రెల సంఖ్య ఆనాటి దాంట్లో సగం కూడా లేదు. ఇక్కడి ఎడారీకరణని గాలి మీద నెట్టేయడం అన్యాయం. గాలి లక్షల ఏళ్ళుగా వీస్తోంది, నేల కొట్టుకుపోయింది మాత్రం వందేళ్ళలో.

నీళ్ళ కోసం తవ్వితే

1907 డిసెంబరు 13న కొమొదోరో రివదావియాలో మంచినీళ్ళ కోసం బోరు వేస్తుంటే చమురు పడింది. 1922లో ప్రభుత్వ చమురు సంస్థ వై.పి.ఎఫ్. పుట్టింది. ఇళ్ళు, ఆసుపత్రి, సినిమా హాలు, క్లబ్బు అన్నీ కంపెనీవే. 1990లలో ఆ సంస్థని ప్రైవేటుకి అమ్మేసరికి దాని చుట్టూ కట్టుకున్న ఊళ్ళు ఒక్కసారిగా కూలబడ్డాయి. 1996లో నెవుకెన్ ప్రావిన్స్‌లోని కుత్రాల్ కో పట్టణ జనం టైర్లు కాల్చి జాతీయ రహదారిని మూసేశారు. ఉద్యోగం పోయినవాడు ఫ్యాక్టరీ గేటు దగ్గర సమ్మె చేయలేడు కాబట్టి రోడ్డు ఆపాడు. తర్వాత అర్జెంటీనా అంతా పాకిన రోడ్డు దిగ్బంధాల ఉద్యమానికి పునాది అక్కడ పడింది. 2012లో ప్రభుత్వం మళ్ళీ 51 శాతం వాటా తీసుకుంది.

ఇప్పుడు డబ్బంతా ఉత్తరాన నెవుకెన్‌లోని వాకా ముయెర్తా షేల్ పొరల వైపు, అంటే చమురూ గ్యాసూ లోపల ఇరుక్కుపోయిన రాతి పొరల వైపు పోతోంది. షేల్ గ్యాస్ నిల్వల్లో ప్రపంచంలో రెండోది, షేల్ చమురులో నాలుగోది అని 2013లో అమెరికా ఇంధన సమాచార సంస్థ లెక్కగట్టింది. రాతిని పగలగొట్టడానికి కావలసిన ఇసుకని వెయ్యి కిలోమీటర్ల అవతల నుంచి లారీల్లో తెస్తారు. చమురుని అట్లాంటిక్ తీరంలో పుంతా కొలొరాదాకి చేర్చే పెద్ద పైపులైను పని నడుస్తోంది. అది చేరేది సాన్ మతియాస్ సింధుశాఖకి. అక్కడ చమురు పనులని నిషేధించిన పాత చట్టాన్ని రియో నెగ్రో ప్రావిన్స్ 2022లో మార్చేసింది. ఆ సింధుశాఖకి ఆనుకునే తిమింగలాల వాల్దేస్ ద్వీపకల్పం ఉంది.

పాత చమురు నగరం కొమొదోరోకి మాత్రం నీటి కష్టం తీరలేదు. దూరాన ముస్తెర్స్ సరస్సు నుంచి పైపుల్లో నీళ్ళు రావాలి, కోతలు మామూలే. పక్కనున్న కొల్వే వాపి సరస్సు దాదాపు ఎండిపోయి, దాని అడుగు మట్టిని గాలి లేపుతోంది.

దీవిలో ఫోన్లు, తీరంలో రొయ్యలు

టియెర్రా డెల్ ఫ్యూగో దీవిలోని రియో గ్రాందే పట్టణంలో మొబైల్ ఫోన్లు, టీవీలు, ఏసీలు తయారవుతాయని వింటే ఎవరికైనా ఆశ్చర్యమే. 1972లో 19,640 నంబరు చట్టం టియెర్రా డెల్ ఫ్యూగోకి పన్ను మినహాయింపులిచ్చింది. చిలీతో తగాదా ఉన్న రోజుల్లో సరిహద్దు దీవిలో జనాన్ని నింపడం అసలు ఉద్దేశం. అది నెరవేరింది కూడా. 1970లో పదిహేను వేలకి మించని జనం 2022కి దాదాపు 1,86,000 అయ్యారు. ఆసియా నుంచి విడిభాగాలు వస్తాయి, ఇక్కడ బిగిస్తారు, సరుకు మళ్ళీ 2,800 కిలోమీటర్లు ఉత్తరాన బ్యూనస్ ఐరిస్‌కి పోతుంది. లారీ అయితే చిలీ భూభాగం గుండా పోయి, దీవికీ ఖండానికీ మధ్య ఉన్న మగెలాన్ జలసంధిని పడవ మీద దాటాలి. దేశం మొత్తం ఫోనుకి ఎక్కువ ధర కట్టి ఈ ఊరిని నిలబెడుతోందన్న విమర్శలో బలముంది. కానీ రమ్మని పిలిచి, రెండు తరాలు కాపురం పెట్టించాక, 2025లో ఫోన్ల దిగుమతి సుంకం తగ్గిస్తామని రాజధాని నుంచి ఒక ప్రకటన వస్తే ఆ కార్మికుడికి టెన్షన్ రాకుండా ఎలా ఉంటుంది? రియో గ్రాందే వీధుల్లోకి వచ్చింది.

పుంతా అరేనాస్‌కి ఇలాంటి దెబ్బ చాలా ముందే తగిలింది. 1914లో పనామా కాలువ తెరుచుకోగానే మగెలాన్ జలసంధి మీదుగా పోయే ఓడలు తగ్గిపోయాయి. తర్వాత సుంకం లేని వ్యాపార మండలం దానికి ఊపిరి పోసింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అక్కడికి చేరిన సింధీ వర్తకుల కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. వాళ్ళు కట్టుకున్న హిందూ ఆలయమూ ఉంది.

అట్లాంటిక్ తీరంలో మాద్రిన్, రాసన్, దెసెయాదో రేవులకి ప్రాణం ఎర్ర రొయ్య. సముద్రంలో వలవేసి పట్టేదే, చెరువుల్లో పెంచేది కాదు. ఇక్కడ మన కథ నేరుగా దానికి ముడిపడుతుంది. భీమవరం చుట్టూ చెరువుల్లో పెరిగే వనామీ, ఈక్వడార్ వనామీ ప్రపంచ మార్కెట్లో ధర దించేసరికి పటగోనియా రొయ్యకి గిట్టుబాటు పోయింది. 2025లో జీతాల లెక్క మీద యజమానులకీ సంఘాలకీ పేచీ వచ్చి, రొయ్యని ఓడలోనే గడ్డకట్టించే నౌకలు నెలల తరబడి రేవు దాటలేదు. మన రైతు కౌంటు ధర పడిపోయిందని బాధపడే రోజునే మాద్రిన్‌లో ప్యాకింగ్ పనివాళ్ళు కూడా అదే ధర చూసి దిగులు పడుతుంటారు.

తిమింగలం వీపు మీద సీగల్

మాద్రిన్ నుంచి కొద్ది దూరంలో ఎల్ దొరాదియో గులకరాళ్ళ తీరం. జూన్ నుంచి డిసెంబరు దాకా రైట్ వేల్ తిమింగలాలు పిల్లలతో ఒడ్డుకి ఎంత దగ్గరగా వస్తాయంటే, పోటు సమయంలో అవి వదిలే ఊపిరి చప్పుడు నిలబడ్డచోటికి వినిపిస్తుంది. 1984లో అర్జెంటీనా ఈ జాతిని సహజ స్మారకంగా ప్రకటించింది, వాల్దేస్ 1999లో యునెస్కో జాబితాలో చేరింది. వేట ఆగాక సంఖ్య పెరిగింది. కానీ ఒక చిత్రమైన బాధ మొదలైంది. సీగల్ పక్షులు తిమింగలం వీపు మీద వాలి చర్మం, కొవ్వు పొడుచుకు తింటున్నాయి. పిల్ల తిమింగలాల వీపులు పుండ్లమయం. చేపల ఫ్యాక్టరీల వ్యర్థాలూ, మూతలేని చెత్తకుప్పలూ ఆ పక్షుల్ని పెంచి ఉంటాయని పరిశోధకులు చాలాకాలంగా చెబుతున్నారు. చేపల వ్యాపారం, చెత్త, పక్షి, తిమింగలం అన్నీ ఒకే గొలుసు. ప్రకృతిని ఒక పక్కన, ఆర్థికాన్ని ఒక పక్కన పెట్టి రాసే పర్యాటక బ్రోషర్లలో ఈ గొలుసు కనిపించదు. 2023లో బర్డ్ ఫ్లూ వచ్చి వాల్దేస్‌లో ఆ ఏడాది పుట్టిన ఏనుగు సీలు పిల్లల్లో 95 శాతం దాకా చనిపోయాయి.

కొండల వైపు టోరెస్ దెల్ పైనే పార్కు ఒకప్పుడు గొర్రెలు మేసిన నేలే. 2011 చివర్లో ఒక పర్యాటకుడి నిర్లక్ష్యంతో అంటుకున్న మంట, గాలి తోడై సుమారు 17,000 హెక్టార్లు కాల్చేసింది. ఇంకా ఉత్తరాన, అమెరికన్ దంపతులు డగ్లస్, క్రిస్ టాంప్‌కిన్స్ చకబూకో లోయ ఎస్టాన్సియాని కొని, గొర్రెల్ని అమ్మేసి, కంచెలు పీకించారు. డగ్లస్ 2015లో కయాక్ ప్రమాదంలో చనిపోయాక, 2018లో ఆ నేల చిలీకి పటగోనియా జాతీయ పార్కుగా దక్కింది. గ్వానాకోలు తిరిగొచ్చాయి. పొరుగు పశువుల కాపరులకి మాత్రం ఇది మరో విదేశీ యజమాని కథలాగే కనిపించింది. ఆ అనుమానానికి కారణాలున్నాయి. బెనెటన్ కుటుంబ సంస్థ 1991లో కొన్న నేల సుమారు తొమ్మిది లక్షల హెక్టార్లు. అది 1889 నాటి బ్రిటిష్ కంపెనీ ఆస్తి, అంతకుముందు మపూచెలు తిరిగిన నేల. ఆ భూమి మీద మపూచె కుటుంబాల పోరు ఇంకా నడుస్తోంది.

గాలికి ధర వచ్చాక

చుబుత్ ప్రావిన్స్‌లో గాలిమరలు తమ సామర్థ్యంలో సగం దాకా ఉత్పత్తి ఇస్తాయి. మన దగ్గర మంచి చోట్లలో 30 శాతం వస్తే సంతోషం. అయినా చిక్కు మర దగ్గర లేదు, తీగ దగ్గర ఉంది. పటగోనియా జాతీయ గ్రిడ్‌కి 2006లోనే కలిసింది. విద్యుత్తు కావలసిన రాజధాని వెయ్యి కిలోమీటర్లకి పైనే ఉంది, లైన్లు నిండిపోయాయి. అందుకే గాలిని ద్రవంగా మార్చి ఓడలో పంపుదామన్న ఆలోచన పుట్టింది. పుంతా అరేనాస్ దగ్గర హరు ఓని అనే ప్రయోగాత్మక ప్లాంటు 2022 డిసెంబరులో మొదలైంది. ఒక గాలిమర, నీటి నుంచి హైడ్రోజన్, దానికి కార్బన్ డయాక్సైడ్ కలిపి పెట్రోలు. ఏడాదికి లక్షా ముప్పై వేల లీటర్లు తయారుచేసేలా కట్టారు. దాని వెనక వరసలో ఉన్న ప్రాజెక్టులు ఎన్నో రెట్లు పెద్దవి. వందల మరలు, సముద్రపు నీటిని శుద్ధిచేసే ప్లాంట్లు, కొత్త రేవులు కావాలి. వలసపక్షుల దారిలో ఆ రెక్కలు తిరుగుతాయన్న భయం అక్కడి పక్షిశాస్త్రవేత్తలది.

ఇక్కడి జనం ఏది వచ్చినా తలూపే రకం కాదు. 2003లో ఎస్కెల్ పట్టణం బంగారు గని వద్దని 81 శాతం ఓట్లతో చెప్పింది. చిలీలో బేకర్, పాస్కువా నదుల మీద ఐదు డ్యాములు కట్టి కరెంటుని రెండు వేల కిలోమీటర్లు ఉత్తరాన పంపాలన్న హైడ్రోఐసెన్ పథకాన్ని, ఏళ్ళ తరబడి నిరసనల తర్వాత 2014లో ప్రభుత్వం తిరస్కరించింది. 2021 జూన్‌లో టియెర్రా డెల్ ఫ్యూగో ప్రావిన్స్ సముద్రంలో సాల్మన్ పెంపకాన్ని నిషేధించింది. అదే ఏడాది డిసెంబరులో చుబుత్ చట్టసభ గనులకి దారి తెరుస్తూ చట్టం చేస్తే, రాసన్‌లో నిరసనలు భగ్గుమని వారం తిరక్కుండానే రద్దు చేయాల్సి వచ్చింది.

హైడ్రోజన్ వాళ్ళ కన్ను ఇప్పుడు సాన్ గ్రెగోరియో మీద ఉంది. మగెలాన్ జలసంధి ఒడ్డున వెయ్యి మంది కూడా లేని ప్రాంతం. రోడ్డు పక్కన మెనెందెస్ కుటుంబపు పాత ఎస్టాన్సియా షెడ్లు, వాటి ఎదుట ఒడ్డున తుప్పుపట్టిన ఓడ అస్థిపంజరాలు. ఉన్ని వెళ్ళిన దారిలోనే గాలి కూడా వెళ్ళబోతోంది. ఈ ఇంధనం మంచిదా చెడ్డదా అన్న చర్చ యూరప్‌లో చాలానే నడుస్తోంది. సాన్ గ్రెగోరియోలో అడగాల్సిన ప్రశ్నలు వేరు. నేల అద్దె ఎవరి ఖాతాలో పడుతుంది? శుద్ధిచేసిన నీళ్ళలో ఊరికి వాటా ఉందా? నిర్మాణం అయిపోయి కూలీలు వెళ్ళిపోయాక ఎన్ని ఉద్యోగాలు మిగులుతాయి? కంపెనీ మూసేస్తే ఆ మరలని ఎవరు పీకుతారు? వీటికి జవాబులు పర్యావరణ అనుమతి కాగితాల మీద సంతకాలు పడకముందే లిఖితపూర్వకంగా రావాలి. ఉన్ని కాలంలో కూలీలతో రాసుకున్న ఒప్పందానికే విలువ లేకపోయింది. ఈసారి అసలు ఒప్పందమే లేకుండా పని మొదలుపెట్టనివ్వకూడదు.